పదకొండో నిమిషం

ఆగింది. మళ్ళీ సరిగ్గా పదకొండో నిమిషంలో, చరణం సగంలో ఉండగా, పాడే మనిషి ఊపిరి తీసుకుని తర్వాతి మాటకి నోరు తెరిచినచోట ఆగింది. డిక్కీలో, పాటకి గొంతు పెంచే నల్లపెట్టె మీద పచ్చలైటు ఆరి ఎర్రలైటు వెలిగింది. తయారుచేసినవాళ్ళు దీన్ని ఆంప్ అన్నారు గాని అది అచ్చుతప్పు, ఆపు అని ఉండాలి. ఈ మాట పైకే అన్నాను, అదీ నా మామూలు గొంతుతో, అంటే వీధి చివరికి వినపడేలా. కానీ షెడ్డులో నేనూ, తమ్ముడి కారూ, గోడ గడియారమూ తప్ప ఎవరూ లేరు, గడియారానికి హాస్యం తెలీదు. తొమ్మిదైంది. పదింటికి వాళ్ళు బయల్దేరాలి. నాలుగు గంటలు పైనే పట్టే దారి. రెండున్నరకి అక్కడ పెద్ద డాక్టరు చూస్తానన్నాడు, నెల కిందట పేరు రాయించుకుంటే ఈరోజుకి దొరికింది. కారు మరదలు నడుపుతుంది. తమ్ముడు పక్కసీట్లో కుడిచెయ్యి తొడమీద పెట్టుకుని కూచుంటాడు. ఆ చేతి కోసమే ఈ పాట. పాట నడుస్తున్నంతసేపూ ఆ చెయ్యి తాళానికి లోబడి ఉంటుంది, వేళ్ళు బుద్ధిగా దరువేసుకుంటూ ఉంటాయి. పాట ఆగగానే వణుకు మొదలవుతుంది, ముందు బొటనవేలు, తర్వాత మణికట్టు, తర్వాత మోచేతి దాకా, ఎవరో లోపల కూచుని తలుపు కొడుతున్నట్టు. ఇది ఏ డాక్టరూ చెప్పిన సంగతి కాదు, మరదలు వంటింట్లో రేడియో పెట్టినప్పుడు కనిపెట్టింది. "పాట ఆగకుండా చూడండి బావగారూ, దారంతా ఆయన చెయ్యి చూస్తూ నేను బండి నడపలేను" అంది నిన్న తాళాలు నా చేతిలో పెడుతూ. నేనేమన్నాను? "అమ్మా, నేను బిగించింది ఆగడమా? ఆపాలంటే పోలీసులు రావాలి" అన్నాను. నవ్వలేదు. ఈమధ్య మరదలు నా మాటలకి నవ్వడం మానేసింది, తప్పు చిరునామాకి వచ్చిన ఉత్తరంలా తిప్పి పంపేస్తోంది.

తాళం తిప్పి మళ్ళీ పెట్టాను. పచ్చలైటు. పాట మొదట్నుంచి. ఇక పదకొండు నిమిషాలు నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. ఈ జబ్బుతో ఇదే చిక్కు, రమ్మంటే రాదు, దాని టైముకి అది వస్తుంది, అప్పటిదాకా ఏ రోగమూ లేనివాడిలా పాడుతూ ఉంటుంది. వెనకసీటు ఊడదీసి గోడకి ఆనించాను. డిక్కీ అంచుమీద కాళ్ళు వేలాడేసుకుని కూచున్నాను, ఒళ్ళో మీటరు, కుడిచేతి పక్కన ఎర్రతీగ, ఎడంచేతి పక్కన నల్లతీగ. నల్లతీగ వైపు చూడటం లేదు. ఇరవయ్యారేళ్ళుగా కార్లలో పాట బిగిస్తున్నాను, ఈ వీధిలో నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, మైకు అంటారు. మైకున్నాడా, మైకు దగ్గరకెళ్ళు, మైకు నోరు మూయించు. తమ్ముడికి పేరు నేనే పెట్టాను, మ్యూటు. పక్కపక్క షెడ్లు మావి, మధ్యలో ఒక రేకు గోడ, ఇటు నా చప్పుడు, అటు వాడు కార్లకేసే రంగువాసన. పొద్దున ఆరింటికి వచ్చి కూచున్నాను. మొదట పెట్టె వేడెక్కుతోందనుకుని ఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టాను, జ్వరం మనిషికి విసిరినట్టు. పదకొండు. స్పీకరు తీగలు ఎక్కడో ఒరుసుకుంటున్నాయేమో, వైరుకీ వైరుకీ వైరమేమో అనుకుని నాలుగు స్పీకర్లూ విప్పి మీటరు పెట్టాను, ఒక్కొక్కటీ నాలుగు ఓములు చూపించింది, ఓం ఓం ఓం ఓం, శాంతి ఒక్కటే లేదు. పదకొండు. ఆఖరికి పెట్టెనే అనుమానించి, నేను షాపులో రోజూ వాడుకునే పెట్టె, ఆగడమంటే ఏంటో ఎరగనిది, తెచ్చి దీని స్థానంలో తగిలించాను. అదీ పదకొండో నిమిషంలో కన్నెర్ర చేసింది. అంటే తప్పు పెట్టెది కాదు. ఎర్రలైటు పక్కన చిన్న అక్షరాల్లో ప్రొటెక్ట్ అని రాసి ఉంటుంది. చెడిపోయిందని కాదు దానర్థం. అందాల్సింది సరిగ్గా అందనప్పుడు, లోపల కాలిపోకుండా, తనంతట తనే నోరు మూసుకుంటుంది. కస్టమర్లు పెట్టె పోయిందని ఏడుస్తూ వస్తే, పోలేదు సార్, అలిగింది, ఏం లోటు చేశారో ఇంటికెళ్ళి ఆలోచించండి అంటాను. బాగా నవ్వుతారు.

కస్టమర్లు నవ్వుతారు, నిజం మాత్రం చెప్పరు. ఈ వృత్తిలో నా పెద్ద పాఠం అది. ఓసారి ఒక లెక్కల మాస్టారు కారు తెచ్చాడు, ఎడమ స్పీకరు గరగరమంటోందని. ఎవరైనా ముట్టుకున్నారా సార్ అంటే, ఎవరూ ముట్టుకోలేదన్నాడు, లెక్కల మాస్టారు కదా, తేడా రాదనుకున్నాను. ఆ ఒక్క మాట నమ్మి తలుపు జోలికే పోకుండా రెండ్రోజులపాటు కారు ముక్కు నుంచి తోక దాకా తీగంతా విప్పాను. మూడోరోజు తలుపు విప్పితే స్పీకరు కాగితానికి చిల్లు, ఆ చిల్లుకి చూయింగ్ గమ్ము అతుకు. బావమరిది స్క్రూడ్రైవరు దింపాడట, ఇంట్లో గొడవెందుకని మాస్టారు దాచాడట. ఆయన మంచికే దాచాడు, ఆయన బావమరిదిని కాపాడుకున్నాడు, నేను మాత్రం జబ్బు ఉన్న చోటు వదిలేసి లేని చోటల్లా వెతికాను. పదేళ్ళ నాటి గమ్ము ఇప్పుడెందుకు గుర్తొచ్చింది? ఎందుకో తెలుసు. గమ్ముని గమ్మునుండమంటే ఉంటుందా, అంటుకుంటుంది.

నెల కిందట ఈ ఊరి డాక్టరు గదిలో మేం ముగ్గురం. డాక్టరు పొట్టి మనిషి, మాట్లాడుతూ బల్లమీద గాజుగుండు తిప్పుతుంటాడు. తమ్ముణ్ణి చేతులు చాపమన్నాడు, రెండువేళ్ళూ టకటకా కొట్టమన్నాడు, గదిలో అటూ ఇటూ నడవమన్నాడు, తెల్లకాగితమిచ్చి నత్తగుల్ల సుడిలా ఒక గీత తిప్పమన్నాడు. ఇరవై రెండేళ్ళు కార్ల తలుపుల అంచుల్లో స్కేలు లేకుండా వెంట్రుకంత గీత లాగినవాడు, వాడి సుడి రంపపు పళ్ళలా వచ్చింది. వాడు దాన్ని చూసి కాగితం తిరగేసి పెట్టాడు, పిల్లాడు తక్కువ మార్కులు దాచినట్టు. అప్పుడడిగాడు డాక్టరు: "రంగుపని అన్నారు కదా, రోజంతా ఆ థిన్నరు వాసనల్లో. మాస్క్ వాడేవారా?" తమ్ముడు నావైపు చూశాడు. ఎంతసేపని, రెప్పపాటు. "వాడేవాణ్ణండి. మా అన్నయ్యే గుర్తుచేసేవాడు" అన్నాడు. డాక్టరు తలూపి కాగితంమీద టిక్కు పెట్టాడు. ఊఫరు స్పీకర్ల పక్కన కూచుని చెవులు చిల్లులు పడేలా బతికినవాణ్ణి, పెన్ను చేసిన ఆ చిన్న చప్పుడంత పెద్దది ఎప్పుడూ వినలేదు. మరదలు వాడివైపు చూసింది, నావైపు చూసింది, ఒళ్ళో సంచి సర్దుకుంది. ఇప్పుడు నోరు తెరవాలి అనుకున్నాను. పెళ్ళిలో, చావులో, కరెంటాఫీసు క్యూలో, అడిగినచోటా అడగనిచోటా తెరుచుకునే నోరు, తెరుచుకోలేదు. మీ వంశంలో ఎవరికైనా ఉందా అన్నాడు, లేదన్నాం. రక్తం తీశారు, తలని సొరంగంలోకి తోసి ఫొటోలు తీశారు, ఏదీ ఏమీ చెప్పలేదు, పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు. రంగువాసన వల్లే వచ్చిందని నేననడం లేదు, అనడానికి నేనెవర్ని. బయటికొచ్చాక మళ్ళీ లోపలికెళ్ళి, ఒకవేళ మాస్క్ లేకపోయుంటే అని ఎవరో పక్కింటివాడి సంగతిలా అడిగాను. కావచ్చు, కాకపోవచ్చు, తెలిస్తే మాత్రం వెతికే దారి మారుతుంది అన్నాడు. వెతికే దారి. ఆ కాగితం టిక్కుతో సహా మరదలి సంచిలో ఉంది. పెద్ద డాక్టరు అదే చదువుతాడు. టిక్కు పెట్టిన తలుపు ఎవరు విప్పుతారు? నేను విప్పానా?

ఆగింది. తొమ్మిదీ పదమూడు. ఈసారి ఆగకముందే మీటరు పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. బ్యాటరీ దగ్గర పద్నాలుగు వోల్టులు, నిక్షేపంలా. అక్కణ్ణుంచి ఎర్రతీగ వెంబడి పెట్టె దాకా వస్తే, తీగలో పోయింది చిటికెడు, ఉప్పు తగ్గిందనడానిక్కూడా చాలదు. కానీ పెట్టె తలుపు దగ్గర, ఎరుపుకీ నలుపుకీ మధ్య, ఆగేముందు డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా పద్నాలుగు కాస్తా పదికి పడిపోతూ వచ్చింది. వచ్చే దారి బాగుంది. పోయే దారిలో ఎక్కడో అడ్డుంది. పోయే దారి అంటే నల్లతీగ. సరే, ముందు ఫ్యూజు చూద్దాం. ఫ్యూజు బాగుంది. ముందు స్విచ్చు తీగ చూద్దాం. బాగుంది. ముందు, ముందు, ముందు. నేను ముందు చూడాల్సిందాన్ని వెనక్కి నెట్టడంలో ఎంత ముందున్నానో.

మాస్క్ అసలు ఉండేది. అదే చెప్తున్నాను. వాడు షెడ్డు పెట్టిన రెండో ఏడు, ఎవరు చెప్పారో, కొని తెచ్చుకున్నాడు, నల్లరబ్బరుది, రెండు బుగ్గలమీదా రెండు గుండ్రటి డబ్బాలు. పొద్దున్నే పెట్టుకుని రంగుగన్ను పట్టుకుని నిలబడ్డాడు. బండ్ల కోసం వచ్చిన నలుగురు మనుషులు బల్లమీద టీ తాగుతున్నారు. నేను రేకు గోడ పక్కనుంచి తల పెట్టాను. నలుగురు కనపడితే నాకు దురద. "ఏరా, ఎద్దు మూతికి చిక్కం కట్టారేంట్రా, రంగు మేసేస్తావనా?" నవ్వారు. ఒకసారి నవ్వితే నాకు చాలదు, అదీ నా రోగం, నాకు రెండోది కావాలి. "మాస్కు పెట్టుకుని మాకు మస్కా కొడుతున్నావా?" ఇంకా నవ్వారు, ఒకాయనకి టీ పొలమారింది. తమ్ముడూ నవ్వాడు, డబ్బాల వెనక నోరు కనపడదు, కళ్ళు చిన్నవయ్యాయి. కాసేపయ్యాక మెల్లిగా ఊడదీసి గోడమీద మేకుకి తగిలించాడు. ఇంతే. కోపం లేదు, మాటలేదు. ఇరవై ఏళ్ళు అది ఆ మేకుకే ఉంది, రబ్బరు ఎండి బిరుసెక్కింది, ఎడమ డబ్బాలో సాలీడు కాపురం పెట్టింది. సాయంత్రాలు వాడు దగ్గితే రేకు గోడ ఇవతలనుంచి "పక్కవాద్యం బాగుందిరా" అని అరిచేవాణ్ణి. మస్కా! ఆ మాటలో పస కూడా లేదు. అదే నన్ను తినేస్తోంది. నేను మంచి మాటలు వేశాను బతుకులో, జనం పదేళ్ళ తర్వాత కూడా చెప్పుకుని నవ్వేవి ఉన్నాయి, వాడి ముక్కుకి అడ్డున్నది ఊడదీసింది వాటిల్లో ఒకటైతే కాస్త మర్యాదగా ఉండేది. చవకబారు చప్పిడి మాట, ఇప్పుడైతే నోట్లోంచి బయటికే రానివ్వను. కాదు, అబద్ధం. నలుగురుంటే ఇప్పుడూ అంటాను. డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు వెళ్ళి కొత్త మాస్క్ ఒకటి కొన్నాను, డబ్బాలుండేదే, మంచిది. కొన్నాక తెలిసింది, గన్ను కడిగి పక్కనపెట్టిన మనిషికి ఇది ఏమని ఇవ్వను? నా సొరుగులో ఉంది, విప్పని కవరుతో, టేపుచుట్టల కింద.

నల్లతీగ. సరే. దాన్ని మేం ఎర్తు అంటాం. ఎర్రతీగ తెచ్చిన కరెంటుని అది కారు ఒంట్లోకి తిరిగి దింపుతుంది. లోకంలో ఎర్తు పెట్టడమంటే పక్కవాడి పని చెడగొట్టడం, నా దగ్గర ఎర్తు పెట్టకపోతేనే పని చెడుతుంది, ఈ ఒక్క మాటమీద ఇరవయ్యారేళ్ళు షాపు నడిపాను. దానికి నియమం ఒక్కటే. తీగ కొసన ఉన్న రింగు ఇనుముని తాకాలి, రంగుని కాదు. రంగు కరెంటుని పోనివ్వదు. కాబట్టి బోల్టు బిగించేముందు చొక్కా బొత్తామంత మేర రంగు గీకెయ్యాలి, ఇనుము తళుక్కుమనేదాకా. గీకకుండా బిగించినా పాట వస్తుంది, అదే మోసం. బోల్టు మరల్లోంచి కాస్త కరెంటు దూరి పోతుంటుంది, పోనుపోను ఆ సందు వేడెక్కుతుంది, పెట్టెకి ఊపిరాడదు. ఎంతసేపట్లో? ఐదు నిమిషాలు. పది. పదకొండు. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ మొదటిరోజు మొదటి గంటలో చెప్పాను, గీకకుండా బిగించినవాడు నాకు కనపడొద్దని. వాళ్ళంతా ఇప్పుడొస్తే బాగుండు, నేను కనపడకుండా ఎక్కడికి పోవాలో చెప్తారు.

నిన్న సాయంత్రం ఈ డిక్కీలో కార్పెట్టు ఎత్తాను, చేతిలో గరుకు కాగితం ఉంది. కింద తమ్ముడి రంగు కనపడింది. మిగతావాళ్ళు కంటికి కనపడినంత మేర రంగేసి చేతులు దులుపుకుంటారు. వాడు కార్పెట్ల కింద, సీట్ల కింద, మూతల లోపల, మనిషి చూపు పోని మూలల్లో కూడా అన్ని పూతలూ వేస్తాడు. "అక్కడెవరు చూస్తార్రా?" అంటే "తుప్పు చూస్తుందన్నయ్యా" అన్నాడు ఓసారి, అది వాడికి పెద్ద ఉపన్యాసం. ఊళ్ళో అందరి కార్లకీ రంగేసి, సొంతానికంటూ ఈ పాతదాన్ని తుక్కులోంచి తెచ్చుకున్నాడు. ఆరు రోజులు రంగు కలిపాడు. నీలమా నలుపా చెప్పలేం, కాకి రెక్కమీద ఎండ పడితే ఒక్క క్షణం మెరుస్తుందే, అది. ఏడు పూతలు. ఒక్కో పూతకీ మధ్య నీళ్ళు పోసి అరచేత్తో రుద్ది చూసుకునేవాడు, నుదురు తడిమి జ్వరం చూసినట్టు. దీని తర్వాత చేపట్టింది ఎవరిదో తెల్లకారు. ఆ బానెట్ మీద అల వచ్చింది. చెరువులో రాయేస్తే వచ్చే అల, తెల్లటి అల. "గాలి ఎక్కువైనట్టుంది" అన్నాడు. మళ్ళీ గీకి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అల. మూడోసారి కొట్టలేదు. గన్ను విప్పి, ప్రతి ముక్కా థిన్నరులో కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టి పైఅరలో పెట్టాడు. నేను రేకు గోడ పక్కనుంచి చూశాను. ఆరోజు కూడా ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు, గుర్తులేకపోవడం నా అదృష్టం. అంటే ఈ కార్పెట్టు కింద ఉన్నది వాడి చెయ్యి సరిగ్గా ఉన్నప్పటి ఆఖరి పని. దాన్ని నేను గీకాలి. వాడి దగ్గర ఒకటి ఊడదీశాను చాలదా? గరుకు కాగితం జేబులో పెట్టుకున్నాను. రంగుమీదే రింగు పెట్టి, బలమంతా పెట్టి బోల్టు బిగించి, కార్పెట్టు కప్పేశాను. ఆరింటినుంచి ఈ ఫ్యానూ ఈ ఓములూ ఈ రెండో పెట్టే అంతా నాటకం. నాకు తెలుసు. నాకు నిన్ననే తెలుసు.

మళ్ళీ పెట్టాను, పాట పెంచాను, మీటరు ఒక మొన నల్లతీగ మీద, రెండోది పొడుగాటి వైరుతో బ్యాటరీ మైనస్ మీద. సున్నా ఉండాల్సినచోట మూడు వోల్టులు. డప్పు దెబ్బకి మూడున్నర. సరే మైకూ, నీ రంగు బయటపడింది. ఇంజను ఆపి, కార్పెట్టు ఎత్తి, బోల్టు విప్పాను. రింగు వేడిగా ఉంది, చురుక్కుమంది. రింగు ఆనిన మేర రంగు కొంచెం కమిలింది, గీత పడలేదు. గరుకు కాగితం తీసి చేత్తో పట్టుకుని కూచున్నాను. రెండు నిమిషాల పని. గడియారం తొమ్మిదీ నలభై. రెండు నిమిషాల పనికి పదినిమిషాలుగా కూచున్నాను, ఇంకా కూచునే ఉన్నాను.

చెప్పుల చప్పుడు. ముందు మరదలు, భుజాన సంచి. వెనక వాడు, ఇస్త్రీ చొక్కాలో, కుడిచెయ్యి ప్యాంటు జేబులో. జేబు కదులుతోంది.

"అయిందా అన్నయ్యా?"

"అవుతోంది."

"పదవుతోంది బావగారూ" అంది మరదలు, తిట్టినట్టు కాదు, తిట్టనట్టూ కాదు.

వాడు డిక్కీలోకి వంగి చూశాడు. ఎత్తిన కార్పెట్టు, ఊడిన బోల్టు, గీత పడని రంగు, నా చేతిలో కాగితం. వాడికి ఎవరూ వివరించక్కర్లేదు, ఇరవై రెండేళ్ళు రేకు గోడ అవతల నా పాఠాలు విన్నాడు.

"గీకలేదా?" అన్నాడు. "నువ్వు?" భుజాలు ఊగాయి. చప్పుడు లేని నవ్వు, వాడికదొక్కటే వచ్చు. "ఊరంతటికీ చెప్పేవాడివి కదన్నయ్యా, ఇనుము కనపడాలి, ఇనుము కనపడాలని!"

"నీ రంగురా. మళ్ళీ ఎవడేస్తాడు?"

"రంగు పాడుతుందా ఏంటి? ఇలా ఇవ్వు." జేబులోంచి చెయ్యి తీసి గరుకు కాగితం లాక్కున్నాడు. కాగితం వాడి వేళ్ళ మధ్య టపటపా కొట్టుకుంది. దాన్ని చూసుకుని, "ఈ పనికి నాకంటే తగినవాడెవడు? తోసే పనే లేదు, దానంతటదే గీకుతుంది" అన్నాడు. మ్యూటు వేసిన మొదటి మాట, అదీ నాకంటే మంచిది. నేను నవ్వలేకపోయాను. మరదలు గోడవైపు తిరిగింది.

"ఆగు" అన్నాను. సొరుగు లాగి, టేపుచుట్టలు కిందపడుతుంటే పడనిచ్చి, కవరు చింపాను. రంగుదుమ్ము లేస్తుంది కదా, ముక్కులోకి పోతుంది కదా, అని ఏదో గొణుగుతూ మాస్క్ వాడి మొహానికి పెట్టి, పట్టీ తల వెనక్కి లాగి బిగించాను. వాడి జుట్టు వెనకవైపు నెరిసిందని అప్పుడే చూశాను. వాడు డిక్కీ అంచుమీద మోకాలు ఆనించి గీకడం మొదలెట్టాడు. కర్ కర్ కర్. చెయ్యి దాని వేగంతో అది ఆడుతోంది, వాడు దాన్ని ఆ బొత్తామంత చోటునుంచి జారిపోకుండా ఎడంచేత్తో పట్టి నిలుపుతున్నాడు, అంతే. కాకిరెక్క రంగు పొడిగా రాలుతోంది. మధ్యలో ఆపి తలెత్తి నావైపు చూశాడు. రెండు డబ్బాల మీద రెండు చిన్న కళ్ళు. ఎదురు చూస్తున్నాడు.

"అనవేంటన్నయ్యా?" అన్నాడు డబ్బాల్లోంచి.

నా దగ్గర లేదు. ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి జేబులన్నీ వెతుక్కున్నా ఒక్క మాట లేదు, ఉన్నది ఒట్టి వాక్యం. "ఆరోజు నేనన్న మాటకే నువ్వు మాస్క్ తీసేశావు. వాడలేదని అక్కడ డాక్టరుకి చెప్పరా."

కర్ కర్ ఆగింది. "దానికి కాదులే. ఉక్కపోసేది" అన్నాడు. ఎర్రలైటు. మళ్ళీ నోరు మూసుకుని నన్ను కాపాడుతున్నాడు.

"ఉక్క కాదు."

"ఉక్కేనన్నయ్యా. పద, టైమవుతోంది."

మరదలి వైపు తిరిగాను. "అమ్మా, వీడు చెప్పడు. నన్ను కాస్తున్నాననుకుంటున్నాడు. నువ్వు చెప్పు. ఇరవై ఏళ్ళు ఒక్కరోజు కూడా మాస్క్ లేదు. ఎందుకు లేదో కూడా చెప్పు."

మరదలు సంచి భుజం మీంచి దించింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. "రాసివ్వండి" అంది. "పక్కన ఈయన కూచుంటే నన్ను చెప్పనివ్వడు. మీ చేత్తో రాసివ్వండి బావగారూ."

షాపులో రాతకి నా దగ్గరున్నది జాబు కార్డుల పుస్తకం ఒక్కటే, ప్రతి కారుకీ ఒక కాగితం, మూడు గళ్ళు: ఫిర్యాదు, కారణం, చేసిన పని. ఒకటి చింపాను. ఫిర్యాదు దగ్గర, కుడిచెయ్యి వణుకు అని రాశాను. కారణం దగ్గర పెన్ను ఆగింది, అవతల కర్ కర్ మళ్ళీ మొదలైంది. అది నాకు తెలీదు, మీరే చెప్పాలి, అని రాశాను. కానీ పాత కాగితంలో మాస్క్ దగ్గరున్న టిక్కు తప్పు. ఇరవై ఏళ్ళు మాస్క్ లేకుండా రంగు కొట్టాడు. కొన్న మాస్క్ తీయించింది నేను, నలుగురిలో ఎగతాళి చేసి. ఇతని అన్నని. చేసిన పని గడి ఖాళీగా వదిలేశాను. మడిచి మరదలికిచ్చాను. చదవలేదు, పాత కాగితాల పైన పెట్టి సంచి జిప్పు లాగింది.

ఇనుము తళుక్కుమంది, చొక్కా బొత్తామంత. దానిమీద రింగు పెట్టి బోల్టు బిగించాను, తుప్పు చూడకుండా గ్రీజు రాశాను, కార్పెట్టు కప్పి సీటు ఎక్కించాను. మీటరు సున్నా పక్కన సున్నా. కానీ మీటరుదేముంది, పదకొండో నిమిషం వస్తేగాని ఏదీ తేలదు, ఆ పదకొండు నిమిషాలు మా దగ్గర లేవు, పదీ రెండైంది. "దార్లో ఆగితే ఫోన్ చెయ్యమ్మా, ఎక్కడున్నా వచ్చేస్తాను" అన్నాను. వాడు మాస్క్ తీసి నా చేతికివ్వబోయి, ఏమనుకున్నాడో, తన ఒళ్ళో పెట్టుకున్నాడు. పాట మొదలైంది. కుడిచెయ్యి తొడమీదకి వెళ్ళి తాళం అందుకుంది. కారు వీధి మలుపు దాకా కనపడింది, తర్వాత డప్పు దెబ్బ మాత్రం వినపడింది, తర్వాత అదీ లేదు.

షెడ్డులో నేనూ గడియారమూ. బల్లమీద ఫోను. నేలమీద గుప్పెడు కూడా లేని రంగుపొడి, ఊడవలేదు. ఐదు నిమిషాలు, ఈపాటికి పెట్రోలు బంకు దాటుంటారు. ఎనిమిది, రైలు గేటు. పాలవాడు గుమ్మంలో సైకిలాపి, "ఏం మైకన్నా, ఇవాళ చప్పుడు లేదు?" అన్నాడు, వేలు పెదాల మీద పెట్టి ఆగమన్నాను, ఎవరో నిద్రపోతున్నారనుకుని వాడు మెల్లిగా సైకిలు నడిపించుకుంటూ పోయాడు. పది. ఇప్పుడు వంతెన మీద ఉంటారు. పదకొండు. ఫోను వైపు చూశాను, అది నావైపు చూసింది. ముల్లు కదిలింది. పన్నెండు. మోగలేదు. పదమూడు. కుర్చీ చప్పుడవుతుందేమోనని కదలకుండా కూచున్నాను.